కాకిలెక్క

ఆదివారం సాయంత్రం రేడియో
నలభైతో మొదలుపెట్టి ఒకటి దాకా ఎక్కేది.
గ్రిమ్స్‌బీ అంతా సోమవారపు చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ వినేది.
నలభై కింద ఇంకో ముప్పై అయిదు పాటలుండేవి.
వాటి పేర్లు ఎవరూ పైకి చదివేవారు కాదు.

మంగళవారం టపాలో పూర్తి జాబితా మా కొట్టుకొచ్చేది.
గాజు తలుపుకి నేనే అంటించేదాన్ని,
పై సగం వీధి వైపు,
కింది సగం లోపలికి మడిచి.
చోటు చాలక. వేరే కారణమేం లేదు.

గల్లా పక్కన బూడిదరంగు మిషనొకటి.
కాసెట్ వీపు మీది నల్లగీతలు చూపిస్తే కీచుమనేది.
రాత్రికి ఫోను తీగలోంచి
మా ఊరి ఇష్టాయిష్టాలు లండన్‌కి చేరేసేది.
ఉద్యోగంలో చేరిన రోజు ముసలి హొరబిన్ చెప్పింది ఒకటే:
"లోర్నా, దొంగతనమైనా క్షమిస్తాను గానీ
ఆ మిషనుకి అబద్ధం చెప్పకు."

తొంభై అయిదు, ఫిబ్రవరి.
రస్సెల్ బ్లాంచర్డ్ పగలంతా రేవులో
చేపల పెట్టెల్లోకి ఐసు ఎత్తిపోసేవాడు.
రాత్రుళ్లు పాడేవాడు.
ఎవరూ ఎక్కని ఆఖరి బస్సు మీద వాళ్ల పాట,
మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు.
రెండో చరణంలో కిటికీ అవతల
ఒక సముద్రపు కాకి అరుస్తుంది.
మళ్లీ రికార్డు చేయడానికి డబ్బుల్లేక
దాన్నీ బృందంలో కలిపేసుకున్నారు.

ఆ వారం మా కొట్లో పదకొండు అమ్ముడుపోయాయి.
ఏడు ఐసు కుర్రాళ్లు,
మూడు డ్రైవింగ్ నేర్పే గ్లాడ్విన్ ఒక్కడే,
ఒకటి, వేరే పాటనుకుని కొన్న ఒకావిడ.
గురువారం ఆవిడ తిరిగొచ్చి డబ్బులు అడిగింది.
ఇచ్చేశాను.
వెనక్కి తీసుకోవడం మాత్రం ఆ మిషనుకి రాదు.

శనివారం, మూసే వేళ, వాన.
వెనక గదిలో హొరబిన్ చిల్లర లెక్కపెడుతున్నాడు.
ఆవిడ తిరిగిచ్చిన కాసెట్‌ని
మిషనుకి మళ్లీ చూపించాను.
కీచుమంది.
దగ్గాను, రెండోసారి వినబడకుండా.
నాలుగుసార్లు దగ్గాను.
"జలుబా?" అన్నాడు లోపల్నించి.
"అవునండీ."

డెబ్బై మూడు.
ఒక్క వారమే. పై వారానికి ఆనవాలు లేదు.
నా నాలుగు కూతలు లేకపోతే ఎక్కడుండేదో
చాలా రాత్రులు కూడాను, తీసేశాను.
దేశంలో ఇంకెవరో కూడా కొనుండాలి కదా,
ముక్కూమొహం తెలియని ఎవరో,
ఎక్కడో బ్రిస్టల్లోనో ఎక్కడో.
తేలలేదు.

ఆ మంగళవారం జాబితాని తిరగేసి మడిచాను.
కింది సగం వీధికి.
"ఈ వారం ఒకటో నంబరేంటమ్మా?" అని ఎవరైనా అంటే
తలుపు తోసుకుని లోపలికొచ్చి చూసుకోమన్నాను.
సాయంత్రం రస్సెల్ వచ్చాడు, రబ్బరు బూట్లతో,
లోపలికి రాలేదు.
గాజు మీద వేలు పెట్టి కిందనించి మూడో గీత దగ్గర ఆగాడు.
ఆ వేలిముద్ర శుక్రవారం దాకా తుడవలేదు నేను.
చేపల వాసన గాజుకి అంటదని తెలుసు.
అయినా.

ఇప్పుడక్కడ గోళ్లకి రంగులేసే కొట్టు.
పోయిన డిసెంబర్లో మా ఇంటి బాయిలర్ మొరాయిస్తే
బాగుచెయ్యడానికి వచ్చింది అతనే.
బట్టతల, మోకాళ్ల కింద పాత తువ్వాలు.
నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికేముంది.
పని చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు.
చెవి ఒగ్గి విన్నాను,
అతని పాట కాదు,
ఆ వారం ఒకటో నంబరున్న పాట.

నాలుగు కూతల సంగతి నాలిక చివరిదాకా వచ్చింది.
పంచదార ఎన్ని చెంచాలని అడిగాను.
రెండన్నాడు.

అప్పుడే పెంకుల మీద వాలి
ఒక సముద్రపు కాకి గొంతు చించుకుంది.
కూనిరాగం ఆగింది.
చేతిలో రెంచీ ఆగింది.
దానికోసమే ఆగాడో,
నట్టు బిగుసుకుపోయిందో.